పులి బోను పక్కన బొమ్మ రైలు: వినోద పార్కులో విజ్ఞానానికి చోటెక్కడ?

భిలాయ్‌లోని హథ్‌ఖోజ్ భారీ పారిశ్రామిక వాడ. ఇంజినీరింగ్ షెడ్లు, ఇనుప సామాను మోసుకెళ్లే లారీలు, వెల్డింగ్ మెరుపులు. అక్కడ పనిచేసే కుటుంబాలకైనా, తరాలుగా ఖుర్సీపార్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లకైనా సెలవు రోజున పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలంటే ముందు గుర్తొచ్చే పేరు మైత్రీ బాగ్. పేరులోని 'మైత్రి' తెలుగులో మనం వాడే మాటే. భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం భారత్, సోవియట్ యూనియన్ 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ స్నేహానికి గుర్తుగా 1972లో ఏర్పాటైన తోట ఇది. ఉక్కు కర్మాగారమే దీన్ని నడుపుతూ వచ్చింది.

లోపల జూ ఉంది. చెరువులో పడవ షికారు, బొమ్మ రైలు, మ్యూజికల్ ఫౌంటెన్ కూడా ఉన్నాయి. అంటే ఒకే ప్రహరీలో రెండు వేర్వేరు సంస్థలున్నట్టు. జంతువుల గురించి నేర్పడం ఒకదాని పని, పిల్లలతో కేరింతలు కొట్టించడం రెండోదాని పని. ఏ వినోద పార్కులోనైనా ఈ రెండూ ఎంతెంత ఉండాలన్న చర్చ పాతదే. సాధారణంగా ఆ చర్చ నేల లెక్క దగ్గర ఆగిపోతుంది: ఇన్ని ఎకరాలు రైడ్లకు, ఇన్ని గ్యాలరీలకు అని. నిజానికి తూకం తేలేది అక్కడ కాదు. పిల్లవాడు కళ్లు పెద్దవి చేసుకుని చూసే చోట వివరణ ఉందా, డబ్బు తెచ్చిపెట్టని భాగాన్ని ఎవరు పోషిస్తున్నారు అన్న రెండు ప్రశ్నల దగ్గర తేలుతుంది.

జూకు వారాంతపు సెలవు, రైడ్‌కు లేదు

చట్టం దృష్టిలో ఈ రెండూ ఒకటి కావు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ ఆధారంగా 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. దేశంలో ప్రతి జూకూ దాని గుర్తింపు ఉండాలి. 1998 నాటి జాతీయ జూ విధానం జూల ప్రధాన లక్ష్యం సంరక్షణ అని చెప్పింది. జనానికి వన్యప్రాణుల పట్ల అవగాహన కలిగించడం దానికి తోడు. అదే సంవత్సరం పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతులతో ఆటలాడించే ప్రదర్శనలను కేంద్రం నిషేధించింది. సర్కస్ యజమానులు సవాలు చేస్తే 2001లో సుప్రీంకోర్టు నిషేధాన్ని సమర్థించింది.

2009 జూ గుర్తింపు నిబంధనల ప్రకారం వారానికి ఒకరోజు జూను సందర్శకులకు మూసి ఉంచాలి. హైదరాబాద్‌లో 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు అందుకే. జంతువులకు విశ్రాంతి, సిబ్బందికి బాగుచేతలకు వెసులుబాటు. రైడ్లు నడిపే వ్యాపారి మాత్రం వారంలో ఏ రోజునూ వదులుకోవాలనుకోడు. ఒకే గేటు వెనక ఈ రెండు పద్ధతులూ ఉన్నప్పుడు, జంతువు వైపు చట్టం ఉంది కాబట్టి సెలవు నిలబడుతోంది. చదువు వైపు అంత పట్టింపు కనిపించదు. బోను ముందు బోర్డు వెలిసిపోయినా పార్కు మూతపడదు.

పన్నులోనూ ఈ గీత కనిపిస్తుంది. జూ, మ్యూజియం, జాతీయ పార్కు ప్రవేశ టికెట్లకు జీఎస్టీ మినహాయింపు ఉంది. థీమ్ పార్కులు, వాటర్ పార్కులు, జాయ్ రైడ్లపై 2017 జులైలో 28 శాతం వేశారు. 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించారు. పులిని చూడటం విజ్ఞానం, రంగులరాట్నం ఎక్కడం విలాసం అని ప్రభుత్వం లెక్క. పులిని చూసినంత మాత్రాన పిల్లవాడికి ఏం తెలిసింది అన్నది ఆ లెక్కలో లేదు.

తెల్లపులి ఒక రోలర్ కోస్టరే

మైత్రీ బాగ్‌కు పేరు తెచ్చింది తెల్లపులులు. ఒడిశాలోని నందన్‌కానన్ నుంచి వచ్చిన జంట ఇక్కడ సంతానం కన్నది. ఇక్కడి పులులు దేశంలోని ఇతర జూలకూ వెళ్లాయి. జనం ఎక్కువసేపు నిలబడేదీ, పిల్లల్ని భుజాలకెత్తుకుని చూపించేదీ ఆ ఎన్‌క్లోజర్ దగ్గరే. జూ అంతా విజ్ఞానమే, బొమ్మ రైలు మాత్రమే వినోదం అనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. తెల్లపులి జనాన్ని లాగే తీరు రోలర్ కోస్టర్ తీరే.

దాని వెనకున్న కథ మాత్రం గట్టి జీవశాస్త్ర పాఠం. తెల్లపులి వేరే జాతి కాదు, మామూలు పులే. 1951లో రీవా మహారాజా మార్తాండ్ సింగ్ అడవిలో పట్టించిన మోహన్ అనే మగ కూన నుంచే నేటి బోనుల్లోని తెల్లపులుల వంశం ప్రధానంగా సాగింది. తెలుపు అంతర్గత లక్షణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు వస్తేనే కూన తెల్లగా పుడుతుంది. మోహన్‌ను మామూలు ఆడపులితో జతకట్టిస్తే తెల్లకూనలు పుట్టలేదు. దాని కూతురు రాధతోనే జతకట్టించాక, 1958లో పుట్టాయి. 1980లో నందన్‌కానన్‌లో మామూలు రంగు తల్లిదండ్రులకే తెల్లకూనలు పుట్టి అందర్నీ ఆశ్చర్యపరిచాయి. ఆ రెండిట్లోనూ జన్యువు దాగి ఉందన్నమాట. అది ఏ జన్యువో 2013లో చైనా పరిశోధకులు తేల్చారు. రంగుకు సంబంధించిన ఎస్ఎల్‌సీ45ఏ2 జన్యువులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడం వల్ల పసుపు, ఎరుపు ఛాయలు పోయి నల్ల చారలు మిగిలాయి.

రంగును నిలబెట్టడానికి దగ్గరి రక్తసంబంధంలోనే జతకట్టించారు. మెల్లకన్ను లాంటి దృష్టి లోపం రంగు లేమితో ముడిపడినది. మిగతా బలహీనతల్లో చాలావాటికి కారణం ఆ రక్తసంబంధమే. అరుదైన రంగు కోసమే జంతువుల్ని జతకట్టించవద్దని అమెరికా జూలు, అక్వేరియంల సంఘం 2011లో తన సభ్యులకు చెప్పింది. మేనరికాల గురించి ఇంట్లో వాదించుకునే తెలుగు కుటుంబానికి అంతర్గత లక్షణం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. తెల్లపులి ఎన్‌క్లోజర్ ముందు పేరు, శాస్త్రీయ నామం, తిండి రాసి ఉన్న బోర్డు పెడితే సరిపోదు. 'ఇది ఎందుకు తెల్లగా ఉంది?' అన్నది పిల్లవాడు అడిగే మొదటి ప్రశ్న. జవాబు కూడా అక్కడే ఉండాలి.

సంపాదించని గ్యాలరీ

మరి ప్రపంచంలో పెద్ద పెట్టుబడి పెట్టిన పార్కులేం చేశాయి? ఫ్లోరిడాలో డిస్నీ సంస్థ 1982 అక్టోబరు 1న ఎప్‌కాట్ పార్కును తెరిచింది. శక్తి వనరులు, రవాణా, భవిష్యత్తు నగరాలు, సేద్యం... ఒక్కో అంశానికి ఒక్కో మండపం. ఒక్కోదాని వెనక ఒక్కో పెద్ద కంపెనీ పోషణ. రవాణాకు జనరల్ మోటార్స్, ఇంధనానికి ఎక్సాన్. మెల్లగా కదిలే బండ్లలో కూర్చోబెట్టి చరిత్ర చెప్పేవారు.

పోషకులు తప్పుకున్నకొద్దీ మండపాలు మారాయి. భవిష్యత్తు జీవనాన్ని చూపిన 'హొరైజన్స్' పోయి, అదే చోట 2003లో వ్యోమనౌక అనుభూతినిచ్చే 'మిషన్ స్పేస్' వచ్చింది. ఇంధనం గురించి చెప్పిన మండపం 2017లో మూతపడి, 2022లో సినిమా పాత్రలతో కూడిన రోలర్ కోస్టర్‌గా తెరుచుకుంది. రవాణా మండపం 1996లో మూతపడి, 1999లో 'టెస్ట్ ట్రాక్'గా వచ్చింది. ఈ చివరిది గమనించదగ్గది. కారును మార్కెట్లోకి పంపేముందు చేసే బ్రేకు పరీక్ష, మలుపుల పరీక్ష, వేగ పరీక్ష ఆ రైడ్‌లోనే జరిగేలా రూపొందించారు. పాఠం తగ్గింది నిజమే, కానీ మిగిలిన పాఠం ఒంటికి తెలిసేలా మిగిలింది. ఇంధన మండపంలో అదీ మిగల్లేదు. ఫ్రాన్స్‌లో 1987లో దృశ్య సాంకేతికతల ప్రదర్శన కేంద్రంగా మొదలైన ఫ్యూచరోస్కోప్ కూడా 2020లో తన తొలి రోలర్ కోస్టర్ కట్టుకుంది.

ఇదంతా చూసి రైడ్లే గెలుస్తాయని అనుకోనక్కర్లేదు. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో 1984లో అప్పూ ఘర్ మొదలైంది. 1982 ఆసియా క్రీడల చిహ్నమైన ఏనుగు పేరు దానికి పెట్టారు. అదే ప్రాంగణం పక్కన 1992 జనవరిలో, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న రోజుల్లో, జాతీయ విజ్ఞాన కేంద్రం వచ్చింది. 2008లో అప్పూ ఘర్ అక్కడ మూతపడింది. విజ్ఞాన కేంద్రం మిగిలింది. జనాదరణ చూస్తే అప్పూ ఘరే ముందు. కానీ అది ప్రభుత్వ నేలపై నడిచిన వ్యాపారం. రెండోది ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ, లాభం చూపించమని దాన్ని ఎవరూ అడగరు. మైత్రీ బాగ్ ఇన్నేళ్లు నిలబడటానికి కూడా సగం కారణం ఇలాంటిదే. ఉక్కు కర్మాగారానికి అది ఉద్యోగుల, ఊరి సంక్షేమం కింద ఖర్చు, ఆదాయ వనరు కాదు. అయితే ఈ రక్షణకు మరో ముఖమూ ఉంది. లాభం అడగని యజమాని కొత్తదనమూ అడగకపోవచ్చు.

రెండో గొలుసు చెప్పే పాఠం

హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో 2016లో ప్రారంభమైన వండర్‌లాకు స్కూలు బస్సులు వరుస కడతాయి. 'విజ్ఞాన యాత్ర' అని ఇంట్లో డబ్బులు తీసుకుని రైడ్లకు తీసుకెళ్తున్నారని తల్లిదండ్రులు విసుక్కోవడం మామూలే. అందులో న్యాయముంది. కానీ తప్పు రైడ్‌ది కాదు.

అక్కడి రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ సంగతే చూడండి. ఇది డచ్ కంపెనీ వెకోమా తయారుచేసే బూమరాంగ్ తరహాది. రైలును వెనక్కి లాగి సుమారు 35 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలేస్తారు. ఇంజిన్ ఉండదు. ఎత్తు వల్ల వచ్చిన శక్తితోనే మూడు సార్లు తలకిందులై అవతలి కొసన మళ్లీ పైకి ఎక్కుతుంది. కానీ బయల్దేరినంత ఎత్తుకు తనంతట తాను చేరుకోలేదు. రాపిడి, గాలి నిరోధం కొంత శక్తిని తినేస్తాయి. అందుకే అవతలి కొసన రెండో గొలుసు పట్టుకుని మిగిలిన ఎత్తుకు లాగుతుంది. అప్పుడే అది వెనక్కి వెళ్లగలదు. తొమ్మిదో తరగతి పుస్తకంలో శక్తి నిత్యత్వ నియమం చదివిన పిల్లకు ఆ రెండో గొలుసు ఎందుకుందో చెప్తే చాలు.

లూప్ ఆకారమూ అంతే. అది గుండ్రంగా ఉండదు, నీటిబొట్టులా ఉంటుంది. నిజమైన వృత్తంలో తిరిగితే, అడుగున శరీరంపై పడే ఒత్తిడికీ శిఖరాన పడేదానికీ తేడా మనిషి బరువుకు 6 రెట్లుంటుంది. వేగం పెంచినా తగ్గించినా ఆ తేడా మారదు. 1895లో న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో కట్టిన గుండ్రటి లూప్ ఎక్కినవాళ్ల మెడలు పట్టేసి, అది మూతపడింది. 1976లో జర్మన్ ఇంజినీర్ వెర్నర్ స్టెంగెల్ రూపొందించిన నీటిబొట్టు ఆకారం కాలిఫోర్నియాలోని ఒక పార్కులో వచ్చాకే లూపులు మళ్లీ ప్రపంచమంతా వ్యాపించాయి. స్వీడన్‌లో భౌతికశాస్త్ర ఆచార్యురాలు యాన్ మేరీ పెండ్రిల్ వినోద పార్కుల్నే ప్రయోగశాలలుగా వాడి పాఠాలు చెప్పారు. ఆమె విద్యార్థుల చేతికిచ్చిన పరికరాల్లో ఒకటి స్లింకీ, అంటే పిల్లలాడుకునే మెత్తటి స్ప్రింగు. రైడ్ కిందికి దిగేటప్పుడు అది ముడుచుకోవడం, అడుగున సాగడం కళ్లముందే కనిపిస్తాయి.

చెప్పడానికి సమయం ఎక్కడ? క్యూలో. అమెరికాకు చెందిన మ్యూజియం నిపుణురాలు బెవర్లీ సెరెల్ 1990ల్లో వందకు పైగా ప్రదర్శనలను పరిశీలించి, చాలాచోట్ల సందర్శకులు 20 నిమిషాలు కూడా ఉండటం లేదని తేల్చారు. గ్యాలరీ చిన్నదైనా పెద్దదైనా పెద్ద తేడా లేదు. సెలవు రోజున పెద్ద రైడ్ ముందు వరుసలో జనం అంతకంటే ఎక్కువసేపే నిలబడతారు, ఎటూ కదల్లేక. పార్కులో అందరూ కచ్చితంగా చదివే బోర్డు ఒకటే: ఎత్తు ఇన్ని సెంటీమీటర్లు ఉంటేనే రైడ్‌కు అనుమతి అన్నది. పిల్లలు దాని పక్కన నిలబడి మునివేళ్లపై లేస్తారు. ఆ హద్దు ఎందుకో, భుజాలపై బిగించే కడ్డీ పొట్టివాళ్లను ఎందుకు సరిగ్గా పట్టి ఉంచలేదో అక్కడే రెండు వాక్యాల్లో రాయడానికి ఖర్చేమీ కాదు.

దేశంలో ఈ పనిని పెద్ద ఎత్తున ప్రయత్నించింది కోల్‌కతా సైన్స్ సిటీ. జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి 1997లో దాన్ని తెరిచింది. లోపల చలనం గురించి చేతులతో తిప్పి చూసే పరికరాలు, అంతరిక్ష ప్రదర్శన, జీవ పరిణామ పార్కు. బయట కేబుల్ కారు, పట్టాలపై తొక్కే సైకిల్, గురుత్వాకర్షణతో నడిచే చిన్న కోస్టర్. రైడ్ కోసం వచ్చినవాళ్లు హాల్లోకి వెళ్తారు, హాలు చూసి అలసినవాళ్లు రైడ్ ఎక్కుతారు.

కొన్నిచోట్ల రైడ్ అవసరమే ఉండదు. భిలాయ్ తెలుగువాళ్లు సొంతూళ్లకు వెళ్లినప్పుడు విశాఖ బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర చూసే ఉంటారు. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన ఈ 91 మీటర్ల జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియం. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే లోపల తిప్పి చూపిస్తారు. తల వంచుకుని ఇరుకు ద్వారాల గుండా దూరుతూ, ఒకరి మీద ఒకరు పడుకునే బెర్తుల్ని చూస్తుంటే గుండె కొట్టుకునే వేగం మారుతుంది. దాన్ని కదిలించాల్సిన పని లేదు.

వద్దనాల్సిన చోట

ప్రతి విషయాన్నీ కేరింతగా మార్చొచ్చా? డిస్నీ 1993 నవంబరులో వర్జీనియాలో అమెరికా చరిత్రపై ఓ పార్కు కడతామని ప్రకటించింది. అంతర్యుద్ధంలో వేలమంది చనిపోయిన మనాసస్ రణక్షేత్రం అక్కడికి దగ్గర్లోనే ఉంది. బానిసత్వాన్నీ యుద్ధాన్నీ రైడ్ల మధ్య ఎలా చూపిస్తారని జేమ్స్ మెక్‌ఫెర్సన్, డేవిడ్ మెక్‌కల్లో వంటి చరిత్రకారులు నిలదీశారు. స్థానికులు ట్రాఫిక్ గురించి గొడవ చేశారు. 1994 సెప్టెంబరులో కంపెనీ ఆ స్థలాన్ని వదులుకుంది.

మన దగ్గర వద్దనాల్సిన సందర్భం వేరు, అది భద్రత. అహ్మదాబాద్‌లోని కాంకరియా చెరువు ప్రాంగణం చాలావరకు మైత్రీ బాగ్‌ను పోలినదే: జూ, బొమ్మ రైలు, చెరువు, పిల్లల పార్కు, వాటితో పాటు ప్రైవేటు కాంట్రాక్టరు నడిపే రైడ్లు. 2019 జులై 14న లోలకంలా ఊగే రైడ్ నడుస్తుండగానే విరిగి కింద పడింది. ఇద్దరు చనిపోయారు, పాతిక మందికి పైగా గాయపడ్డారు. వినోద రైడ్లకు ఐఎస్ 15475 పేరుతో భారతీయ ప్రమాణం 2004 నుంచీ ఉంది. రూపకల్పన, తయారీ, నిర్వహణ, తనిఖీ గురించి అందులో ఉంది. కాగితం మీద ప్రమాణం ఉండటం వేరు, ప్రతి ఉదయం బోల్టు బోల్టూ చూసే మనిషి ఉండటం వేరు. జూ నడిపే సంస్థకు పశువైద్యులుంటారు, మావటీలుంటారు. అదే సంస్థ ఒక పెద్ద రైడ్ పెట్టాలనుకుంటే అలసిన లోహాన్ని గుర్తుపట్టే ఇంజినీర్లూ ఉండాలి. ఈ ఒక్క విషయంలో భిలాయ్ అదృష్టం గలది. ఉక్కులో పగుళ్లను అల్ట్రాసౌండ్‌తో వెతకడం ఈ ఊరికి రోజువారీ పని.

ఆ ఊరి పనే పార్కులో పాఠం కావచ్చు. భారతీయ రైల్వేకు పట్టాలు చేసేది భిలాయ్ కర్మాగారం. ఇక్కడ 130 మీటర్ల పొడవున్న ఒకే పట్టాను తీసి, రెండింటిని వెల్డింగ్‌తో కలిపి 260 మీటర్ల పట్టాగా పంపిస్తారు. ఛత్తీస్‌గఢ్‌లో జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ పట్టా ఉష్ణోగ్రతలో 40 డిగ్రీల తేడా ఉందనుకుంటే, బిగించకుండా వదిలేసిన అంత పొడవు పట్టా సుమారు 12 సెంటీమీటర్లు సాగుతుంది. పిల్లల చేతి జాన కంటే కాస్త తక్కువ. మైత్రీ బాగ్ బొమ్మ రైలు ప్లాట్‌ఫారం మీద 12 సెంటీమీటర్ల గీత గీసి, పక్కన ఒక అసలు పట్టా ముక్క పెడితే, రైలు వచ్చేలోగా పిల్లలు తమ జానతో దాన్ని కొలుచుకుంటారు. హథ్‌ఖోజ్ షెడ్డులో రోజంతా ఇనుము కోసి వచ్చిన తండ్రి ఆ పట్టా కోత ఎందుకు అలా ఉంటుందో వాళ్లకు చెప్పగలడు.